కట్టు తప్పిన మనిషి

గేటు దగ్గర చప్పట్లు వినిపించాయి.

రావల్కోల్‌లో మహేష్ కట్టించిన కొత్త ఇంట్లో అప్పుడే పాలు పొంగాయి. షామియానా కింద చుట్టాలు టిఫిన్లు చేస్తున్నారు.

"గృహప్రవేశమంటే చాలు, ఎట్ల తెలుస్తదో ఈ హిజ్రాలకు," అన్నాడు మహేష్, జేబులోంచి నోటు తీస్తూ.

అతని భార్య ఆమని అటు చూడలేదు. ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

కొత్త ఇంట్లో ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. అన్నో తమ్ముడో పోస్తే ఇంకా గౌరవం. ఆమనికి తల్లీ తండ్రీ లేరు. అన్న పరమేశ్ ఆమె చిన్నప్పుడే శామీర్‌పేటలో ఇల్లు వదిలిపోయాడు. ఉన్నాడో లేడో తెలియదు. పెంచిన చిన్నాయిన ఒక్కడే దిక్కు.

"ఒడిబియ్యం వస్తయి బిడ్డా, రంది పడకు," అని ఆయన ఫోన్లో మాటిచ్చాడు.

"మంచి గడియ పోతాంది," అంది అత్త రాధమ్మ. "మీవోళ్లు ఒక్కలు రాలె. నీ ఒడి నిండకుంటే పూజ పీట మీద పెద్ద కోడల్ని కూసుండవెడత. ఒట్టి ఒడితోని కూసునుడు కట్టు తప్పుడైతది."

ఆ మాటకు అర్థం ఆమని వాడుకను బట్టి నేర్చుకుంది. మామ ముందు నవ్వితే కట్టు తప్పినట్టు. మగవాళ్ల కంటే ముందు తింటే కట్టు తప్పినట్టు. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట ఎప్పుడూ ఆమె మీదే పడుతోంది.

గేటు దగ్గర గొడవ పెరిగింది.

వచ్చిన మనిషి ఒక్కతే. ఆకుపచ్చ పట్టుచీర, రూపాయి బిళ్లంత బొట్టు, చెమటకు కరిగిన పౌడరు. చంకలో ఒక మూట.

మహేష్ నోటు ఇవ్వబోతే తీసుకోలేదు.

"పైసలకు రాలేదు బావా. నీ ఇంటామెను ఒక్కసారి చూసి పోత."

షామియానా అంతా గొల్లుమంది.

"ఏందిరా మహేషూ, మాకు చెప్పకుంట ఇంకో సంబంధం గలుపుకున్నవా?" అన్నాడు అతని మేనమామ.

మహేష్ ముఖం కందగడ్డలా అయింది.

రాధమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది. "దీవెన ఇచ్చేదుంటే గేటు బయటనుంచే ఇయ్యి. గా మూటల ఏముంది?"

"ఆమె చేతికే ఇస్తనమ్మా."

"ఏం మందు పెట్టినవో ఏమో. ముట్టకు ఆమనీ."

ఆమని గేటు దాకా వచ్చింది. ఆమెను చూడగానే ఆ మనిషి పెదవులు కదిలాయి. అంతలో చుట్టూ సెల్‌ఫోన్లు పైకి లేచాయి. రావలసిన మాట రాలేదు.

"మంచిగున్నవా?" అని మాత్రం అడిగింది.

వెనకనుంచి ఎవరో ఆ బొంగురు గొంతును అనుకరించారు. మళ్లీ నవ్వులు.

అందరూ ఆమనినే చూస్తున్నారు. అత్త చూస్తోంది. పీట పక్కన పెద్ద కోడలు అప్పుడే కొంగు సర్దుకుంటోంది.

"నువ్వు చెప్పు," అంది ఆ మనిషి మెల్లగా. "నువ్వు పొమ్మంటే పోత."

"పో," అంది ఆమని. "కట్టు తప్పినోళ్లు మా గడప తొక్కద్దు."

ఆ మాట ఇంకొకరి మీద వేయడం ఆమెకు అదే మొదటిసారి. ఇంత సులువా అనిపించింది.

రాధమ్మ కోడలి భుజం తట్టింది. అది కూడా మొదటిసారే.

ఆ మనిషి తలూపింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు మూటను రొమ్ముకు హత్తుకొని మేడ్చల్ పోయే ఆటో ఎక్కింది. ఆమె నిలబడ్డ చోట పసుపునీళ్లు చల్లించారు.

గడియ దాటింది. పీట మీద పెద్ద కోడలు కూర్చుంది.

భోజనాల వేళకు చిన్నాయిన వచ్చాడు. చేతులు ఊపుకుంటూ, ముఖమంతా నవ్వుతో.

"ఉత్త చేతులతోని వచ్చినవా చిన్నాయినా?" ఆమని ఎదురెళ్లి అడిగింది. "బియ్యమేవి? ఇంతమందిల నా ఇజ్జత్ తీసినవు గదా."

ఆయన తెల్లబోయాడు.

"పరమేశు తెచ్చిండు గద బిడ్డా. ఇన్నేండ్లకు నన్ను వెతుక్కుంట వచ్చిండు. చెల్లెకు ఒడిబియ్యం నేనే పోస్త, నువ్వు తేవద్దని కాళ్లు వట్టుకున్నడు. పొద్దుగాలనే బయలెల్లిండు."

"అన్న రాలె. పొద్దటిసంది గేటు కాడనే చూస్తున్న. మన దిక్కునుంచి ఒక్క మగమనిషి రాలె."

చిన్నాయిన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నేనే చెప్పుకుంట, నువ్వు చెప్పకన్నడు... మీ అన్న ఇప్పుడు చీర కట్టుకుంటడు బిడ్డా."