మచ్చలేని మాస్కు

ఒడీల్ భర్త ఒకప్పుడు ఐస్ హాకీలో గోలు కాపాడే ఆటగాడు, అంటే గోలీ. ఆయన పోయిన కొన్నాళ్ళకు, పాత ఆటసామాను సేకరించే క్లిఫర్డ్, టిమిన్స్ ఊళ్ళో ఉన్న ఆమె ఇంటికి వచ్చాడు.

గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు ప్యాడ్లను ముక్కుకు ఆనించుకుని, "ఆహా! ఇప్పటి ప్లాస్టిక్ వాటికి ఈ చెమట వాసనేదీ, మామ్మగారూ!" అన్నాడు.



తర్వాత అతను గోలీ మాస్కు తీశాడు. "అరే, రబ్బరు బిళ్ళ తగిలిన మచ్చ ఒక్కటీ లేదే! ఇలాగైతే ఆటలో వాడిందంటే ఎవరు నమ్ముతారు?" అంటూ తాళంచెవితో దానిమీద గీతలు గీయబోయాడు.

ఒడీల్ లాక్కుంది. "ఛీ, ముట్టుకోకు! మాస్కు పెట్టేవాడు పిరికివాడని కోచ్ ఆయన్ని ఉత్త ముఖంతోనే ఆడించాడు. దవడ పగిలి ఆట మానేశాక నేనే దీన్ని చేయించాను. వంకరపోయిన ముఖం చూసి మా పసిపిల్ల జడుసుకోకుండా, ఇది తగిలించుకునే దాన్ని ఎత్తుకునేవాడు."