సారపాకలో రెండో భాగం

"జనం అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ చప్పట్లు కొడుతున్నారు?" అని డైరెక్టర్ సుజన అడగ్గానే, ఆపరేటర్ పూల్‌సింగ్ ఆలోచించకుండా నిజం చెప్పేశాడు.

"మొదటి సగంలనే మేడం. మెజీషియన్ నీళ్లపెట్టెల సచ్చిపోయేకాడ."

ప్రొజెక్టర్ గదిలో మెషీన్ పక్కన నిలబడ్డ సుజన కళ్లజోడు సర్దుకుంది.

"అది మొదటి సగంలో లేదే. చివరి సీను కదా."

పూల్‌సింగ్ నాలుక కరుచుకున్నాడు. వెనక నిలబడ్డ థియేటర్ ఓనరు వెంకటరామారావు ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, కళ్లు మాత్రం ఆపరేటర్ మీదికి తిరిగాయి.

ఆమె హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికే. స్టేజీ మీద మాయలు చేసే ఇద్దరు అన్నదమ్ముల కథతో ఆమె తీసిన మొదటి సినిమా ఊరూరా ఆడింది. దాని రెండో భాగం శుక్రవారం విడుదలై, సోమవారానికల్లా చతికిలపడింది. చూసినవాళ్లంతా మొదటిదాని పరువు తీసిందన్నారు. ఒక్క సారపాకలో మాత్రం వారం దాటినా హౌస్‌ఫుల్. కాగితం మిల్లులో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు యూనిఫాంలతోనే మ్యాట్నీకి వస్తున్నారు. వంతెన అవతల భద్రాచలం నుంచి ఆటోలు కట్టించుకుని దిగుతున్నారు. తన సినిమాలో తనకే కనపడనిది వీళ్లకు ఏం కనపడింది?

"ఏం చేశావ్ పూల్‌సింగూ?" అన్నాడు వెంకటరామారావు. గొంతు మెల్లగానే ఉంది. అదే పూల్‌సింగ్‌ని భయపెట్టింది.

దాచి లాభం లేదనుకుని చెప్పేశాడు. సినిమా రెండు ఫైళ్లుగా వస్తుంది. విరామానికి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి. మొదటి రోజు కరెంటు పోయి వచ్చిన హడావుడిలో రెండోదాన్ని ముందు, మొదటిదాన్ని వెనక పెట్టాడు. మెజీషియన్ చచ్చిపోయేదాకా గుర్తించలేదు. ఆపేద్దామని కిటికీలోంచి తొంగి చూస్తే హాల్లో ఒక్కడూ కదలడం లేదు. తెరమీద చచ్చిపోయిన ఆ మెజీషియన్ అసలు పెట్టెలోకి ఎందుకు దిగాడో తెలుసుకోవాలని కుర్చీల అంచుకు జరిగి చూస్తున్నారు.

"రెండో ఆట సక్కగనే ఏద్దామనుకున్న మేడం. గని అదే జనం పెండ్లాం పిల్లల్ని తోల్కొని మల్లొచ్చిన్రు. ఇంగ మార్చబుద్ధి కాలే."

వెంకటరామారావు అతన్ని తాళాలు అక్కడ పెట్టి కిందికి దిగమన్నాడు. ఈ సంగతి బయట తెలిస్తే తన హాలుకు ఇకమీదట ఎవరూ సినిమా ఇవ్వరని, ఇందులో తన తప్పేమీ లేదని మేడంకు ఒకటికి పదిసార్లు చెప్పుకున్నాడు. పూల్‌సింగ్ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. పదహారేళ్లుగా ఈ గది తప్ప మరో పని తెలియదు. ఇది పోతే మిల్లు గేటు దగ్గర జామాయిల్ దుంగల లారీలు దించే కూలిపనే గతి.

సుజన అడ్డం వచ్చింది.

"ఆట ఆయనే వెయ్యాలి. రోజూ వేసినట్టే. నేను ఇక్కడినుంచే చూస్తాను."

ఆట మొదలైంది. ఆమె తెర వైపు చూడనేలేదు. చిన్న కిటికీకి ముఖం ఆనించి జనాన్నే చూసింది. అన్నదమ్ముల్లో తమ్ముడు నీళ్లపెట్టెలో మునిగిపోయాడు, పేర్లన్నీ పైకి పోయాయి, లైట్లు వెలిగాయి. ఒక్కరూ ఇంటికి పోలేదు. సమోసాలు తిని మళ్లీ వచ్చి కూర్చున్నారు. తర్వాత తెరమీద అన్నదమ్ములిద్దరూ పావురాన్ని మాయం చేయబోయి అభాసుపాలైతే, నవ్వాల్సినచోట ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లలో ఒకడు ఇక లేడని ఆమెకు తెలుసు. చివరికి తమ్ముడు నవ్వుతూ నీళ్లపెట్టె పక్కన నిలబడి మొదటిసారి మూత తీశాడు. తెరమీద 'విరామం' అని పడింది. హాలంతా లేచి ఈలలు వేసింది.

"విరామానికి ఈలలేంటి?" అంది సుజన.

"చావలే అని అర్థం జేసుకున్నరు మేడం. మల్ల లేస్తడని."

ఆమె గోడకు జారగిలబడింది. పూల్‌సింగ్ మెషీన్ ఆపి, తాళాలు బల్లమీద పెట్టాడు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన వెంకటరామారావు, రేపటినుంచి సరైన వరుసలోనే వేయిస్తానని, వీణ్ని ఈ పూటే పంపించేస్తానని మాటిచ్చాడు.

సుజన ఆ తాళాలు తీసి పూల్‌సింగ్ చేతిలో పెట్టింది.

"పంపకండి. మొదటి సినిమాకు వెనకది ముందు పెట్టి సరిగ్గా ఇదే తప్పు చేసిన ఎడిటర్ని, రెండో భాగం పాడవకూడదని నేను తీసేశాను."