రైలు దెబ్బలు

"ఈసారి మోచెయ్యి కాదక్కా, పిడికిలే," అంది రైలమ్మ కింది పెదవిని నాలుకతో తడుముకుంటూ. పెదవి ఉబ్బి మధ్యకు చీలింది. చీలిక మీద నెత్తురు ఎండి నల్లబడింది.

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఆమెది కాజాల మిషను. పొద్దున రెండు గంటలు రైల్లో వచ్చి, సాయంత్రం రెండు గంటలు రైల్లో పోతుంది కాబట్టి అందరూ రైలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"ఎవడే వాడు?" అంది కత్తెరక్క. ఆవిడ బట్ట కోసే బల్లకు పెద్ద. నోరు కూడా కత్తెరంత పదును.

"మొహం చూసే తీరికెక్కడిది? దారివ్వలేదని జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. తిరిగేలోగా మూతి మీద పడింది. కింద పడ్డాక డొక్కలో మోకాలు."

"నువ్వు ఒక్కటన్నా తిరిగివ్వలేదూ?"

"ఒకటిస్తే నాలుగు పడతాయక్కా."

గుండీలు కుట్టే అమ్మాయిలు కిసుక్కుమన్నారు. "ఆ రైలంతే. నేనూ ఒకసారి ఎక్కా. ఎక్కేటప్పుడు రెండు చెప్పులు, దిగేటప్పుడు ఒకటి," అంది వాళ్ళలో ఒకతె.

కత్తెరక్క సొరుగులోంచి మందు డబ్బా తీసింది. దాని మూత మీద ఎవరో సుద్దముక్కతో 'రైలు దెబ్బలకు' అని రాశారు.

"పోయిన నెల చెవి. అంతకుముందు తలుపులో పడి రెండు వేళ్ళు. నెలకో అవయవం చొప్పున ఆ రైలుకి కప్పం కడుతున్నావే. పెళ్ళాం ఇట్లా తన్నులు తింటుంటే మీ ఆయన ఊరుకుంటున్నాడా?"

"ఊరుకోడక్కా. అసలు ఊరుకునే మనిషే కాదు."

"అయితే భోజనాల గంట కొట్టగానే నాతో రా. ఒక గది చూపిస్తా."

"ఇక్కడి అద్దెలు మనం మొయ్యగలమా? అంత దూరం కాబట్టి ఆ కొంప మాకు చవగ్గా దొరికింది."

"చూసినందుకు అద్దె అడగరులే."

షెడ్డు గేటు నుంచి నడిస్తే ఏడు నిమిషాలు. మేడ మీద ఒక గది, వంటిల్లు, లోపలే కుళాయి. కిటికీ తెరిస్తే ఎదురుగా చిన్నపిల్లల బడి. ఇంటావిడ గోడ మీద వేళ్ళతో తట్టి చూపించింది. "మా మంచం ఈ గోడ అవతలే. నువ్వు తుమ్మితే నేను చిరంజీవ అంటా. పిల్లలెందరు?"

"ఒక్కతేనండీ. నాలుగు నిండాయి. నేను బయల్దేరేసరికి లేవదు, చేరేసరికి పడుకుంటుంది. కళ్ళు తెరిచుండగా దాన్ని చూసేది ఆదివారమే. రైలు చప్పుడంటే దానికి హడల్. మంచం కిందికి దూరిపోతుంది. 'రైలు వెళ్ళిపోయిందా అమ్మా' అని పదిసార్లు అడిగితే గానీ బయటికి రాదు."

"పట్టాల పక్క ఇల్లా?"

"గోడలు అదురుతాయండీ."

"అయ్యో తల్లీ. ఇక్కడ రైలూ లేదు, పట్టాలూ లేవు."

రైలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. ఎదుట బడిలోంచి ఒక పిల్ల వచ్చింది. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది. వాళ్ళమ్మ రోడ్డు మీదే చతికిలబడి ఆ జడ అల్లింది. అల్లడం పూర్తయ్యేదాకా రైలమ్మ అటే చూసింది.

వెనకాల కత్తెరక్క బేరం కుదిర్చేసింది. అక్కడి అద్దె, రైలు పాసు కలిపితే ఎంతో ఇక్కడా అంతే.

"ఏడింటికి చెప్పమ్మా," అంది ఇంటావిడ. "ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారు."

మధ్యాహ్నమంతా రైలమ్మ చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట. ఒక చొక్కాకి జేబు మీద కాజా వేసింది. పని తనిఖీ చేసే లైన్ మేడం ఆ చొక్కాని మొహాన కొట్టినంత పని చేసి పోయింది. విసిరిన గుడ్డకే రైలమ్మ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

"చూడు, రైలు నిన్నెట్లా చేసిందో," అంది కత్తెరక్క దాన్ని తీసి మడత పెడుతూ. "ఇంకా ఏం లెక్కలే? డబ్బు అంతే. రోజుకి నాలుగు గంటలు మిగులు. పిల్ల ఎదురుగా ఉంటుంది. మీ ఆయన కాదంటాడనా?"

"కాదనడు. ఆయనకి దూరమైనా దగ్గరైనా ఒకటేనక్కా."

"మరింకేం. రేపట్నుంచి ఆ దెబ్బల పీడ వదిలిపోతుంది."

రైలమ్మ మిషను తొక్కుతూనే ఉంది. దారం ఎప్పుడో అయిపోయింది.

ఏడింటికి ఇంటావిడే తాళంచెవి పట్టుకుని షెడ్డు గేటు దగ్గరికి వచ్చింది. రైలమ్మ అందుకుంది. గుప్పిట్లో గట్టిగా నొక్కి పట్టుకుంది, తాళంచెవి పళ్ళ అచ్చు అరచేతిలో పడేదాకా. తర్వాత దాన్ని ఆవిడ చేతిలోనే పెట్టేసింది.

"ఏం నచ్చలేదమ్మా?"

"అన్నీ నచ్చాయండీ." తల దించుకుంది. "మరీ దగ్గరండీ."

కత్తెరక్క నుదురు కొట్టుకుంది. "ఆ రైల్లో దీని బుర్రకి కూడా గట్టిగా తగిలినట్టుంది."

రైలమ్మ నవ్వబోయింది. పెదవి మళ్ళీ చిట్లింది. కొంగుతో అదుముకుని స్టేషన్ వైపు నాలుగడుగులు వేసింది. కత్తెరక్క ఉండబట్టలేక వెంటపడి, మందు డబ్బా ఆమె సంచీలో కుక్కింది.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. మొండిదానా, రేపు ఆ రైలు నిన్ను చంపితే ఏం చెప్పుకోను?"

"రైలే చంపిందని చెప్పక్కా," అంది రైలమ్మ.

నడిచి వచ్చే మనిషికి రైలు దెబ్బలు తగలవు.