జానెడు దూరంలో అగ్గిపుల్ల

“ఊదు,” అన్నది కరుణమ్మ.

ఆమె భర్త నోరు తెరిచి ఊదాడు. అగ్గిపుల్ల మంట కొంచెం పక్కకు ఒరిగి, మళ్లీ లేచి నిలబడింది. పుల్ల చివరిదాకా కాలి ఆమె వేలు చురుక్కుమంది.

“ఇంకొక్కపారి.”

“నాతోని కాదే. దమ్ము సాలుతలేదు.”

ఎడ్లబండి చేవెళ్ల దాటి మొయినాబాద్ వైపు నడుస్తోంది. తోలుతున్నది పొరుగింటి కుర్మయ్య. అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో బస్సులు బందై అప్పటికి వారం. రేపు పొద్దున పదింటికల్లా పట్నం దవాఖానలో ఉండాలి. రేపు తప్పితే మళ్లీ నెలదాకా ఖాళీ లేదన్నాడు డాక్టరు. కడుపులో గడ్డ నెల ఆగుతుందా?

ఇదేం పరీక్ష అని నవ్వకండి. పెట్టింది ఆ డాక్టరే. కిందటి నెల చూపించుకుంటే, అది క్యాన్సర్ అని, కోసి తీసేస్తే బతికే ఆశ ఉందని చెప్పాడు. కానీ కొయ్యడానికి ముందు ఆయన లెక్కలు ఆయనకున్నాయి. కనురెప్ప కిందికి లాగి చూశాడు. రక్తం తక్కువ. తూకం మీద నిలబెట్టి, ముందు ఎంత ఉండేవాడివని అడిగాడు. “మనిషి సగానికి సగం కరిగిపోయిండు. నాకు గదే భయం,” అన్నాడు. చుట్టలు ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావని అడిగాడు. ఆఖరికి అగ్గిపుల్ల గీసి, జానెడు దూరంలో పట్టుకుని, పెదాలు ముడవకుండా నోరు బార్లా తెరిచి ఊదమన్నాడు.

ఆరలేదు.

“ఇది ఆర్పలేనోనికి మత్తిచ్చి కోస్తే, ఎనుక ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తది. అప్పుడు నా చేతుల ఏముండదు. నెల టైమిస్తున్న. చుట్ట బంద్ చెయ్యి. పాలు, గుడ్లు తిను. రోజు ఊదు. ఆర్పినవా, బల్ల ఎక్కిస్త. లేకుంటే...”

కరుణమ్మ తిరిగొచ్చే దారిలోనే అగ్గిపెట్టెలు కొన్నది.

నెల ఇట్టే గడిచిపోయింది. చుట్ట మానేశాడు. పాపం, గుడ్డు చూస్తేనే కడుపులో తిప్పుతున్నా కళ్లు మూసుకుని మింగాడు. డజను అగ్గిపెట్టెలు ఖాళీ అయ్యాయి. బెత్తెడు దూరంలో పెడితే ఆరుతుంది. జానెడుకు జరిపితే ఆరి చావదు! ఇవాళ కూడా బండెక్కినప్పటి నుంచి ఇరవైసార్లు గీసి ఉంటుంది కరుణమ్మ.

మొయినాబాద్ పొలిమేరలో పోలీసులు బండి ఆపారు.

ప్రభువా, ప్రభువా అని కరుణమ్మ లోలోపల ఒకటే జపం. భర్త మీద దుప్పటి గడ్డందాకా లాగింది.

“ఎవరీయన? ఎక్కడికి?” అన్నాడు ఎస్సై.

“మారయ్య అంటరు సారూ,” కుర్మయ్యే అందుకున్నాడు. “కడుపుల గడ్డ లేశింది. పట్నం దవాఖానకు తీస్కపోతున్నం.”

“సంచి దించు.”

కానిస్టేబుల్ సంచి బోర్లించాడు. ఒక ధోవతి, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు, డాక్టరు చీటీ, ఏడు అగ్గిపెట్టెలు.

ఎస్సై మొహం మారిపోయింది. బస్సులు తగలబడుతున్న రోజులవి. జేబులో రెండు పెట్టెలుంటేనే అనుమానం. ఏడంటే ఇంక చెప్పాలా!

“ఏ బస్సు కాలబెట్టనీకి పోతున్రు?”

కరుణమ్మ బండి దూకి ఎస్సై కాళ్లమీద పడింది. “నీ బాంచెను సారూ! గవ్వి ఆర్పనీకే, కాలబెట్టనీకి గాదు!” అంటూ డాక్టరు మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. చీటీ తిరగేసి మరగేసి చూశాడు. మారయ్య అనే ఉంది.

“గిసొంటి కత నేనెన్నడు ఇనలే. ఏదీ, నా ముంగట చూపియ్యి.”

తనే పుల్ల గీశాడు. బండి మీదికి వంగి, జానెడు దూరంలో పట్టుకుని, ఆ గుంటలు పడ్డ చెంపలకేసి, లోపలికి పోయిన కళ్లకేసి తేరిపార చూశాడు. కుర్మయ్య పగ్గాలు బిగించాడు.

కరుణమ్మ భర్త నోరు తెరిచాడు. డొక్కలు పైకి లేచాయి. ఊదాడు.

మంట ఠక్కున ఆరిపోయింది!

ఎస్సై పుల్ల అవతల పారేశాడు. అగ్గిపెట్టెలు తనే సంచిలో వేసి ఆమె చేతికిచ్చాడు. గొంతు కూడా మెత్తబడింది.

“ఫికర్ చెయ్యకమ్మా. మంచిగైతడు తియ్యి,” అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక ఫోటో తీశాడు. “తొవ్వల వీడు కండ్లవడితే జర మాకు చెప్పున్రి. యోసేపు. బడిపంతులు. ఆర్నెల్ల కింద బస్సు కాలబెట్టిండు. ఇప్పటిదాంక దొరుకుతలేడు.”

ఫోటోలో ఒక భారీ మనిషి. నిండు చెంపలు, గుబురు మీసాలు, మెడలో పూలదండ. పిడికిలెత్తి నినాదం ఇస్తున్నాడు. కరుణమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

“ఎన్నడు చూడలే సారూ.”

బండి కదిలింది. రోడ్డు మలుపు తిరిగి పోలీసులు కనుమరుగయ్యేదాకా కుర్మయ్య ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు. అప్పుడు భోరుమంది కరుణమ్మ. “ఆరింది! జానెడు దూరంల ఆరింది! రేపు డాక్టరు ఇగ కాదనడు!” అని ఏడుస్తూనే నవ్వింది.

భర్త ఆమె చెయ్యి పట్టుకుని, ఆయాసం తీరేదాకా ఆగి, మెల్లిగా అడిగాడు.

“ఫోటోల నేను మంచిగ దొడ్డుగున్ననా?”