జత తప్పిన డిస్కు

జలంధర్ రెండు బ్రేకు డిస్కులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"సీమోనన్నా, ఇవి జత కావు," అన్నాడు.

కువైట్‌లోని మిష్రిఫ్‌లో, బాబా, మామా అని పిలిచే యజమాని దంపతుల ఇంట్లో సీమోను డ్రైవరు. బాబా కొడుకు నాసర్, తాత కాలం నాటి ఎర్ర అమెరికా కారును ఏడాదిగా మెకానిక్ జలంధర్ షెడ్డులో బాగు చేయిస్తున్నాడు. మిగిలింది ముందు చక్రాల బ్రేకులే. శుక్రవారం వఫ్రా రోడ్డు మీద కుర్రాళ్ళ పందెం. ఆలోగా బండి కదలకపోతే నాసర్ ఇల్లు పీకి పందిరేస్తాడు.

"ఒకే పార్శిల్లో వచ్చాయి కదా తమ్ముడూ. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి."

"పైకి అట్లనే ఉంటయి. అంచు చూడు."

కుడి డిస్కు అంచు నిండా గాలి ఆడే సందులున్నాయి. ఎడమది సందుల్లేని గట్టి పలక. దాని అంచు మీద జలంధర్ సీమోను వేలు పెట్టించాడు. చుట్టూ సన్నని గట్టు తగిలింది. ఏళ్ళ తరబడి బ్రేకు రాసుకుంటేనే అలాంటి గట్టు పడుతుందట.

"ఇది మీ మామా పాత బండిది. పోయినేడు నేనే ఇప్పి మీ డిక్కీల ఏసిన. ఎవరో మంచిగ తోమి, నూనె రాసి పెట్టిండ్రు."

"దీన్నే పెట్టి నడిపితే?"

"జోరు మీద బ్రేకు తొక్కంగనే బండి ఒక్క దిక్కు గుంజుతది. పిల్లగాడు దక్కడు."

అంటే డిస్కు మారింది ఇంట్లోనే. పార్శిలు వచ్చి, కారుకు రంగు ఆరేదాకా స్టోరు గదిలో ఉంది. ఆ గది తాళం సీమోనుదే. ఈ సంగతి అందరికన్నా ముందు బాబాకే తడుతుందని అతనికి తెలుసు.

తట్టింది కూడా. నాసర్ ఖాళీ అట్టపెట్టెను కాలితో తన్ని వెళ్ళిపోయాడు. బాబా అరవలేదు. పాతసామాన్ల బజారులో అలాంటి ముక్కకు ఎంత గిరాకీ ఉందో తనకు తెలుసన్నాడు. శుక్రవారం లోపు అది ఇంటికి రాకపోతే ఖలాస్, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు చేయించి విమానం ఎక్కిస్తానన్నాడు.

భార్యాభర్తలిద్దరికీ ఒకే ఇంట్లో పని దొరకడమంటే కువైట్‌లో లాటరీ తగలడమే. సీమోనును పంపేస్తే భార్య రత్నమణి ఇక్కడ ఒక్కతే మిగులుతుంది. ఆమెను మామా వదలదు. నాసర్‌ను పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచీ పెంచింది రత్నమణే. జ్వరమొస్తే ఇప్పటికీ వాడికి ఆమె చేతి ముద్దే దిగుతుంది.

వంటింట్లోకి వెళ్ళి ఆమెకు జరిగిందంతా చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"బండికి పెట్టేశారా అండీ దాన్ని?"

"పెట్టలేదు. పెట్టుంటే నాసర్ బతికేవాడు కాదంట."

రత్నమణి అక్కడే నేల మీద కూలబడింది. "నిజంగా పెట్టలేదు కదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

సీమోనుకు ఒళ్ళు మండింది. "నీకు ఆ పిల్లోడి బెంగే గానీ మొగుడి బెంగ లేదేంటి?"

"మీకో మాట చెప్పాలండీ."

"ఇప్పుడు కాదు, రత్నం," అని విసురుగా బయటికి నడిచాడు.

కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. స్టోరు, ఇంటి కార్ల షెడ్డు, మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనుక, చివరికి చెత్తడబ్బాలు కూడా వదల్లేదు. తోటమాలిని అనుమానించి, అంతలోనే సిగ్గుపడ్డాడు. మంచాల కింద చూద్దామంటే నడుం వంగలేదు. మొన్నామధ్య నర్సాపురానికి కార్గో పెట్టె పంపుతూ ఎత్తినప్పుడు పట్టేసిన నడుం. పాలపొడి డబ్బాలు, సబ్బులు, చెల్లెలు కేథరిన్ అడిగిన దుప్పటి, అన్నీ ఆడమనిషి సర్దింది కదా, తేలిగ్గా ఎందుకుంటుందని అప్పుడే విసుక్కున్నాడు. రాత్రిళ్ళు కన్ను మూతపడలేదు. పక్కన రత్నమణీ పడుకోలేదు.

శుక్రవారం, అక్కడి సెలవు రోజున, చర్చి నుంచి వచ్చి తిన్నగా బాబా ముందు నిలబడ్డాడు. బైబిలు మీద చెయ్యి పెట్టాడు.

"బాబా, ఆ ముక్క నేను తీసి ఉంటే, అది నా ఇంటి గడప తొక్కి ఉంటే, ఇవాళే నన్ను పంపెయ్యండి. నా బిడ్డల తోడు."

దైవగ్రంథం మీద చెయ్యేసి అబద్ధమాడే ధైర్యం ఈ మనిషికి లేదనిపించిందేమో, బాబా లేచి భుజం తట్టాడు. ఇంకో డిస్కు తెప్పిద్దామన్నాడు. అది వచ్చేసరికి నాసర్ సైనిక కళాశాలలో చేరిపోతాడు. పందేల ఊసే ఉండదు.

సీమోను కళ్ళు తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపల నాసర్ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. రత్నమణి వాడికి ముద్దలు కలిపి పెడుతోంది. ఎన్నాళ్ళకో ఆమె మొహం తేటపడింది. ఆ పిల్లోడు ఇవాళ రోడ్డెక్కలేదన్న సంతోషం కాబోలు అనుకున్నాడు. పంపేయట్లేదని ఆమెకు చెప్పబోతుంటే జేబులో ఫోను మోగింది. నర్సాపురం నుంచి కేథరిన్.

పెట్టె ఇప్పుడే వచ్చిందట. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి గడప లోపల పెట్టి వెళ్ళారట. పాలపొడి బాగుందట, సబ్బులు బాగున్నాయట.

"అంతా బాగుంది గానీ అన్నయ్యా, దుప్పట్లో చుట్టిన ఈ ఇనప పళ్ళెం దేనికి?"