ముగ్గు లేని వాకిలి

మణికట్టు బెణకడంతో హైమావతి ఆ ఉదయం వాకిట్లో ముగ్గు పెట్టలేదు. వీధి కెమెరా అది చూసింది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండదని అది ఏనాడో నేర్చుకుంది. ఆమె మామగారు కోదండయ్య మూడు రోజులుగా గడప దాటలేదని కూడా దానికి తెలుసు.

ఏడింటికల్లా గుమ్మం ముందు వైకుంఠ రథం వచ్చి ఆగింది.

"మా ఇంట్లో ఎవరూ పోలేదు నాయనా! నా చెయ్యి బెణికిందంతే," అంది హైమావతి కట్టు చూపిస్తూ.

"కెమెరా ఇంతవరకూ తప్పు చెప్పలేదమ్మా," అన్నాడు డ్రైవరు.

మాటలు విని కోదండయ్య కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు. డ్రైవరు ఫోన్లో కెమెరా పంపిన ఫొటో చూశాడు, ఆయన ముఖం చూశాడు. రెండూ సరిపోయాయి. హైమావతి హమ్మయ్య అనుకుంది.

డ్రైవరు బండి వెనక తలుపు తీసి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"కాఫీ తాగే రండి తాతగారూ. తొందరేం లేదు."