బోణీ చేపలు

మేత బకెట్‌లో ఉన్నవి కానాగంతలు.

ఇందుజ వంగి చూసింది. ఒక్కొక్కటీ ఆమె చిటికెన వేలికి రెండింతలు.

"ఇవి సముద్రపు చేపలు కదా మావయ్యా?"

"అవునమ్మా. పండుగప్పకి ఇవే మేత. తవుడేస్తే మూతి కూడా పెట్టదు," అంటూ సుబ్బరాజు బకెట్‌ని చెరువులోకి వంచాడు. నీళ్ళు ఒక్కసారి ఉడికినట్టయ్యాయి.

"ఎక్కణ్ణుంచి వస్తాయి?"

"మీ ఏలూరు మార్కెట్ నుంచే. పెట్టెల అడుగు సరుకు. రోజూ ఆటోలో ఇక్కడికి, కలిదిండికి పంపిస్తారు."

చేపల పరిశోధన ఆఫీసు తరపున పద్నాలుగు నెలలుగా ఆమె ప్రతి సోమవారం ఆ మార్కెట్లోనే కానాగంతలను కొలుస్తోంది. ఇంత చిన్నది ఆమె కొలత చెక్క మీదికి ఒక్కసారి కూడా రాలేదు.

తిరుగు బస్సులో ఫోన్ తీసి పాత కొలతలు చూసుకుంది.

ఇరవై రెండు. ఇరవై మూడు. ఇరవై రెండున్నర.

అన్నీ ముచ్చటగా ఉన్నాయి.

పోయిన వారం ఆఫీసు నుంచి మైత్రేయి మేడమ్ ఎంత సంతోషంగా మాట్లాడారో గుర్తొచ్చింది.

"ఒడిశా నుంచి తమిళనాడు దాకా తిరిగేది ఒకటే మంద, ఇందుజా. ఎవరు ఎక్కువ పట్టినా అందరికీ తగ్గిపోతుంది. మిగతా చోట్లవాళ్ళు చేప చిన్నదైపోతోంది, పిల్లచేపలు తప్పించుకునేలా వల కన్ను పెంచాలి అంటున్నారు. నీ కొలతలు చూస్తే అంత భయం అక్కర్లేదనిపిస్తోంది. గురువారం మీటింగ్‌లో నీ లెక్కే ముందు పెడతాను. నీ కాంట్రాక్టు పొడిగించే సంగతీ అక్కడే అడుగుతాను."

పందొమ్మిది సెంటీమీటర్లు దాటితేగానీ ఆ చేప కడుపులో జన, అంటే గుడ్లు, పట్టదు. ఆ మాట ఇందుజకు నేర్పిందీ ఆ మేడమే.

మర్నాడు సోమవారం. ఇంకా తెల్లవారుతుండగానే తానుండే పెదపాడు నుంచి తొలి బస్సెక్కింది. కొనేవాళ్ళు ఏరకముందే కొలవాలని ఆమె ఎప్పుడూ ఆ బస్సుకే వస్తుంది.

మార్కెట్లో చేపలమ్మే గంగాభవాని అప్పటికే పీట వాల్చుకుని కూర్చుంది. ముందు పళ్ళెంలో ముప్పై చేపలు, తలలన్నీ ఒకే వైపు.

"రండి అమ్మాయిగారూ. మీకోసమే తీసి ఉంచానండీ."

ఇందుజ కూర్చోలేదు.

"ఇవి ఎప్పుడు తీశారక్కా?"

"పెట్టె మూత తియ్యగానే. అన్నిట్లోకీ మంచివి ఏరి పెట్టాను. మీ చెయ్యి పడ్డాకే కదండీ నా బేరం మొదలయ్యేది. బోణీకి పిల్లచేప తగిలిందంటే రోజంతా పిల్లబేరమే. మా అత్త కూడా ఇంతే."

"మొదట్నుంచీ ఏరుతున్నారా?"

"అయ్యో, చదువుకున్నోరు మొదటిసారి వస్తే చిన్నవి పెడతానా అండీ!" గంగాభవాని నవ్వింది. "చేపల్ని కొలుస్తారంటే మా ఆయనేమన్నాడో తెలుసా? చొక్కాలు కుట్టిస్తారా ఏంటే అన్నాడు."

"నిక్కర్లు కూడానేమో కనుక్కో," అన్నాడు పక్క కొట్లోంచి బాలస్వామి.

ఇందుజ నవ్వబోయింది. రాలేదు.

"పెట్టె మొత్తం కుమ్మరించండక్కా. ఏరకుండా కావాలి."

గంగాభవాని చెయ్యి ఆగిపోయింది.

"బోణీ కాకుండానా?"

"అయ్యాకే. ఆగుతాను."

సోమవారం నీచు తినేవాళ్ళు తక్కువ. ఆరున్నర అయింది. ఏడు దాటింది. వచ్చినవాళ్ళు రొయ్యల వైపు పోయారు.

ఫోన్‌లో మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. 'ఈ వారం కొలతలు పంపు. తొమ్మిదికి పట్టిక మూసేస్తున్నాం.'

ఇందుజ ఫోన్‌ని ఒళ్ళో బోర్లించింది.

పళ్ళెంలో ముప్పై చేపలు మెరుస్తున్నాయి. పావుగంట పని. కొలిచి, పంపి, ఎనిమిది గంటల బస్సుకి వెళ్ళిపోవచ్చు.

చెక్కని ఒళ్ళోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది.

ఎనిమిదీ నలభైకి సంచీ పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. పళ్ళెంలోంచి ఆరు తీసుకుని వెళ్ళాడు.

గంగాభవాని మొదటి నోటు కళ్ళకద్దుకుంది. లేచి, పెట్టెని రెండు చేతులా ఎత్తి పట్టా మీదికి వంచింది.

ముందు ఐసు పడింది. తర్వాత పెద్దవి నాలుగైదు. ఆ తర్వాత పిల్లలే పిల్లలు. పడుతూనే ఉన్నాయి.

ఇందుజ కళ్ళు మూసుకుని, చేతికందింది తీసి చెక్క మీద పెట్టింది.

పన్నెండు. పదకొండున్నర. పన్నెండు. పదమూడు. పదకొండు.

ఒకదాని పొట్ట చీల్చి చూసింది. జన లేదు.

కొలతలు రాసుకున్న కాగితాన్ని గంగాభవాని చదవలేదు. ఇందుజ మొహాన్ని చదివింది.

"బాలేవా అండీ?"

ఫోన్ మోగింది.

"ఇంకా పంపలేదేంటి ఇందుజా? ఈ వారం కూడా పెద్దవే కదా?"

"కాదు మేడమ్."

"ఒక్క వారమేగా. పర్లేదులే, సగటులో కలిసిపోతుంది."



"ఈ వారానిదే నిజం కొలత మేడమ్. పద్నాలుగు నెలలవీ తప్పు. నేను కొలిచినవన్నీ ఏరి పెట్టిన చేపలు."

 ఫోన్‌లో అవతల ఆఫీసు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

గంగాభవాని పళ్ళెంలో వెతికి, అన్నిటికన్నా పెద్ద చేపను తీసి, చప్పుడు కాకుండా ఆమె కొలత చెక్క మీద పెట్టింది.